కలుపుకున్న సంస్థానం

"నేను జేసింది గంత తప్పైతే చెప్పుతోని కొట్టు వదినె. గిట్ల పస్తులుండి నా పానం తియ్యకు."

శంకరమ్మ వెనక గది గడపలో కూర్చుని అంటోంది. వాకిట్లోంచి అలాగే లేచి వచ్చినట్టుంది, ఒళ్ళో బీడీల చాట ఉంది కానీ చేతులు ఆడడం లేదు. పొద్దున తడిపి కత్తిరించిన తునికాకు చాటలోనే ఎండి ముడుచుకుపోతోంది.

గదిలో చాప మీద సీతమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తల దగ్గర ఉప్మా పళ్ళెం పెట్టింది పెట్టినట్టే ఉంది.

"మీరేం తప్పు చేయలేదు వదినగారూ," అంది అటు తిరిగే. "నాకు ఆకలి లేదు. అంతే."

"మూడొద్దులాయె. మూడొద్దులు ఆకలి గాని మనిషి ఉంటదా యాడనన్న?"

సీతమ్మ పైట చెంగు తల మీదికి లాక్కుంది.

పెత్రమాస, అంటే పితృ అమావాస్య నాడు మొదలైంది ఇది. ఆ రోజు ఈ ఊళ్ళో ఇంటింటా పోయిన పెద్దల పేరు చెప్పి అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తారు. శంకరమ్మ తన భర్త లక్ష్మీరాజం పేర ఏటా ఇస్తుంది. ఈసారి వియ్యపురాలు ఇంట్లోనే ఉంది కదా, ఆమె భర్త పోయి కూడా రెండేళ్ళు కావస్తోంది కదా అనుకుని, అదే పళ్ళెంలో ఇంకొంచెం బియ్యం పోసి, లక్ష్మీరాజం, జగ్గారావు అని రెండు పేర్లూ కలిపి చెప్పించేసింది. మంచిపనే చేశాననుకుంది పాపం. ఇంటికొచ్చి సంబరంగా చెప్పింది కూడా.

సీతమ్మ వాళ్ళలో అలా కాదు. కాలువ నీళ్ళను నమ్ముకుని కృష్ణాజిల్లా నుంచి చందూర్ వచ్చి రెండు తరాలైనా ఆ పద్ధతి వాళ్ళు వదల్లేదు. పోయిన తిథి నాడే పెట్టాలి. వరసైనవాడి చేతే పెట్టించాలి. ఆ ఒక్క మనిషి పేరే చెప్పాలి. ఆ తిథికి ఇంకా నెల ఉంది.

"ఆయన పేరు ఇంకొకరి పళ్ళెంలో పంచేశారా?" అని ఒక్కమాట అడిగి సీతమ్మ వెనక గదిలోకి వెళ్ళింది. ఇంతవరకూ కంచం ముందుకు రాలేదు.

ముందు గదిలో కంప్యూటర్ దగ్గర కూర్చున్న రత్నానికి ఈ మాటలన్నీ వినబడుతూనే ఉన్నాయి. సీతమ్మకు ఆమె ఒక్కతే కూతురు, శంకరమ్మకు ఒక్కతే కోడలు. తల్లి దగ్గరికి వెళ్ళి కూర్చుంటే అత్తగారి మీద అలిగినట్టు, అత్తగారిని ఓదారిస్తే తల్లిని తప్పుపట్టినట్టు అవుతుందని మూడు రోజులుగా ఎటూ వెళ్ళలేక ఈ కుర్చీని పట్టుకుని కూర్చుంది. కుర్చీకైతే పక్షం లేదు.

చేయాల్సిన పని కూడా ఉంది. ఆమె భర్త ఆత్మారాం మూడేళ్ళుగా ఒక కంప్యూటర్ ఆట తయారుచేస్తున్నాడు. పగలు సెంటర్‌లో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పడం, మిగతా వేళంతా ఇదే. రెండువందల యాభై ఏళ్ళ కిందటి దక్కను. ఆడేవాడు ఒక చిన్న సంస్థానానికి రాజు. పక్క సంస్థానాలను పెళ్ళితోనో, ఒప్పందంతోనో, దండుతోనో కలుపుకుంటూ పోయి అంతా ఒక్క రాజ్యం చేయాలి. అందులో రాయబారులు తెచ్చే ఉత్తరాలు, ప్రజలు పెట్టుకునే విన్నపాలు రాసేది రత్నం.

చిక్కల్లా ఆ కలుపుకోవడం దగ్గరే వచ్చింది. సులువు చేస్తే ఆడేవాడు గంటలో దక్కనంతా మింగేసి ఆవలిస్తున్నాడు. కష్టం చేస్తే కలిసిన ప్రతి ఊరూ రెండేళ్ళు తిరక్కుండా తిరగబడుతోంది, ఎవరికీ రాజ్యం నిలవడం లేదు. కలిసిపోయిన సంస్థానానికి ఏ పనికి ఎంత అలక రావాలి, అది ఎన్నాళ్ళకు తగ్గాలి, తగ్గకపోతే ఏం జరగాలి? ఈ తూకం దొరకక ఆత్మారాం రెండేళ్ళు తల పట్టుకున్నాడు.

ఈ వేసవిలో ఉన్నట్టుండి దొరికింది. హైదరాబాదు కంపెనీవాళ్ళు ఆడి చూసి, కలిసిన ఊళ్ళు ఇప్పుడు నిజం ఊళ్ళలాగే అలుగుతున్నాయని రాశారు. తీసుకుంటామన్నారు. ఎలా దొరికింది అని రత్నం అడిగితే ఆత్మారాం నవ్వి ఊరుకున్నాడు.

ఇవాళ ఆమెకే కనబడింది. ఒక ఊరివాళ్ళ విన్నపం రాయడానికి, ఆ ఊరి అలక ఎంతుందో చూద్దామని పట్టిక తెరిచింది. ఎప్పుడూ చూసే గడుల పక్కన, ఆత్మారాం దాచిపెట్టుకున్న గడి ఒకటి తెరుచుకుంది. దాని పేరు 'ఆధారం'.

రెండు వంటశాలలు కలిపి ఒకటి చేయడం. అలక నాలుగు. ఆధారం: సీ., గోంగూర జాడీ వాకిట్లో పెట్టిన రోజు. వారానికి తగ్గింది.

యాసను దర్బారులో ఎగతాళి చేయడం. అలక మూడు. ఆధారం: సీ., పాలాయన నవ్విన రోజు. రెండు రోజులకు తగ్గింది.

పాత రాజు చిత్రపటం కొలువు నుంచి తీసివేయడం. అలక తొమ్మిది. ఆధారం: సీ., ఫొటో వెనక గదికి మార్చిన రోజు. ఏమీ అనలేదు. పది నెలలైనా తగ్గలేదు.

సీ. అంటే అమ్మే. రత్నం మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఇరవైకి పైగా వరసలున్నాయి. కొన్ని ఆమెకు కూడా తెలియవు. అమ్మ ఒకరోజు బాత్రూమ్‌లో కొళాయి విప్పుకుని ఏడ్చిందని ఆమెకు తెలియదు. ఆత్మారాంకు తెలుసు. దానికి అయిదు వేశాడు.

ఆఖరి వరస పెత్రమాస నాటిది. పెద్దల కర్మలు రెండూ కలిపేయడం. అలక గడి ఖాళీగా ఉంది. ఆధారం దగ్గర, 'సీ., అన్నం మానేసింది. ఎన్ని రోజులో చూసి వేయాలి' అని ఉంది.

ఆమె పట్టికను మూయకుండా తెర మీద అలాగే ఉంచింది.

ఆత్మారాం మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు. చేతిలో అరటిపళ్ళ సంచి ఉంది.

"అత్తమ్మ తిన్నదా?" అన్నాడు చెప్పులు విడుస్తూ.

"ఎందుకు? గడిలో అంకె వేసుకోవడానికా?"

అతను తెర వైపు చూశాడు. సంచి బల్ల మీద పెట్టబోయి, పెట్టకుండా పట్టుకునే నిలబడ్డాడు.

"రత్నం, నువ్వనుకున్నట్టు కాదు గది."

"నేనేం అనుకోలేదు. నువ్వు రాసింది చదివాను. పైకి చదవనా?"

"మెల్లగ మాట్లాడు. లోపలోళ్ళు ఇంటరు."

"వినకూడనిదని తెలిసే రాశావన్నమాట."

ఆత్మారాం కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. ఈ మనిషికి కోపం రాదు. వస్తే బాగుండునని రత్నం ఈ నాలుగేళ్ళ కాపురంలో చాలాసార్లు అనుకుంది.

"లెక్క కుదరలే రత్నం. రెండేండ్లు ఊహించి ఊహించి అంకెలు ఏసిన, ఒక్కటి నిలబడలే. మనిషికి ఏది ఎంత కష్టమైతదో నాకేం ఎరుక? అత్తమ్మ మనింటికి వచ్చినంక కండ్లకు కనబడ్డది. ఎవడో యాసకు నవ్వితే రెండు దినాలు బాధపడ్డది, పోయింది. ఫొటో జరిపితే ఒక్కమాట అనలే, కాని అది పోలే. పైకి అన్నది తగ్గుతది, అననిది తగ్గదు. గది సమజైనంకనే ఆట కుదిరింది."

"సమజైంది కదా?"

"అయింది."

"వేసవిలోనే సమజైంది. మరి నాన్న ఫొటో తెచ్చి మళ్ళీ ముందు గదిలో పెట్టావా?"

ఆత్మారాం తల ఎత్తి గోడ చూశాడు. జగ్గారావు ఫొటో ఉండే చోట ఇప్పుడు కంప్యూటర్ బల్ల ఉంది, దాని పైన సీడీల అర ఉంది. ఫొటో తీసిందీ అతనే, అర కొట్టిందీ అతనే.

"మూడు రోజులు మా అమ్మ మంచినీళ్ళతో పడుకుంది," అంది రత్నం. "నువ్వు గుమ్మంలోకి వచ్చి తిన్నదా అని అడిగి వెళ్ళిపోయేవాడివి. పోనీలే, బాధపడుతున్నాడు అనుకున్నా. చూసి వేయాలి అని రాసుకున్నావని నాకేం తెలుసు?"

"బాధపడ్డ. నిజంగ బాధపడ్డ. రాసుకున్నది కూడ నిజమే." అతను అరటిపళ్ళ సంచి కింద పెట్టాడు. "రెండు ఒకటే మనిషి చేస్తడా అంటే నేనేం చెప్పాలె?"

రత్నం ముఖం తిప్పుకుంది. అతను అబద్ధమాడితే తిట్టడానికి ఆమె దగ్గర చాలా మాటలున్నాయి. దీనికి ఒక్కటీ దొరకలేదు.

"ఏందిరా లొల్లి?" అంటూ శంకరమ్మ వచ్చింది, చాట చంకలో పెట్టుకుని. "అండ్ల ఏం రాసినవ్?"

రత్నమే చెప్పింది. గోంగూర జాడీ, పాలాయన, ఫొటో, పెత్రమాస. శంకరమ్మకు చదువు రాదు. ఒక్కొక్క దానికీ తల ఊపుతూ విన్నది. మొదట ముఖంలో సిగ్గు కనబడింది. కొడుకు చేసిన పనికి తల్లికి రావలసిన సిగ్గే. కానీ అది అక్కడ ఆగలేదు.

"మరి నాదేది?" అంది.

"నీదేందవ్వా?"

"ఆమెయి ఇన్ని రాసినవ్ గద. నాయి యాడ రాసినవ్?"

ఆత్మారాం తడబడ్డాడు. "నువ్వు రాజధానివి అవ్వా. కలుపుకునేటోళ్ళకు అలక ఉండదు. ఆటల గంతే."

"ఎవడు జెప్పిండు నీకు?"

శంకరమ్మ చాటను చంకలోకి ఎగదోసుకుంది.

"నా పొయ్యి మీద నేను సగం అయిన. నా ఇంట్ల నేను దగ్గాలన్న, వదినె పండుకున్నదేమో అని సూసి దగ్గుత. తంబాకు వాసన ఆమెకు పడదని ఏడాది సంది వాకిట్ల ఎండల కూసోని బీడీలు సుడుతున్న. ఒక్కనాడన్న నోరు తెరిచిన్నా? నీ బాపు పేరు మీద ఇచ్చే బియ్యంల ఇంకో పేరు కలిపితి. మనసుకు ఎట్లనో అయింది, అయినా కలిపితి. గది ఎవడు రాయాలె?"

శంకరమ్మ ఏడ్చింది. ఆ ఇంట్లో ఆమె ఏడుపు చూసినవాళ్ళు తక్కువ. చాట చంకలోంచి జారి నేల మీద తంబాకు ఒలికింది.

"నా గురించి ఎండలో కూచుంటున్నారా వదినగారూ?"

వెనక గది గుమ్మం పట్టుకుని సీతమ్మ నిలబడి ఉంది. మూడు రోజులకే చెంపలు లోపలికి పోయాయి. ఎప్పటి నుంచి వింటోందో ఎవరికీ తెలియదు.

"నేను చెప్పలె," అంది శంకరమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.

"నేనూ అడగలేదు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇంకో నిమిషం అలా వదిలేసి ఉంటే ఆ ఇద్దరాడవాళ్ళూ ఒక దారికి వచ్చేవాళ్ళేమో. కానీ సీతమ్మ కళ్ళు కంప్యూటర్ మీదికి పోయాయి.

"ఏదీ, నన్నెక్కడ పెట్టావో చూపించు బాబూ."

"వద్దు అత్తమ్మా."

"చూపించు. నా ఊరు నేను చూసుకోవద్దూ?"

ఆత్మారాం పటం తెరిచాడు. మంజీర ఒడ్డున చిటికెన వేలి గోరంత పసుపుముక్క. కింద సీతానగరం అని ఉంది. సీతమ్మ ఆ పేరు కూడబలుక్కుని చదివి కొంచెం నవ్వింది.

"మీ మామగారి చెరుకు చేను ఇంతకన్నా పెద్దది. సరే, అలిగితే ఏమవుతుంది ఇందులో?"

"అలక నూరు దాటితే విడిపోతది."

"ఇప్పుడు ఎంతుంది?"

"నూట పధ్నాలుగు."

"మరి విడిపోలేదే?"

ఆత్మారాం భార్య వైపు చూశాడు. ఆమె చూడలేదు.

"చిన్నవాటికి విడిపోయే వీలు తీసేసిన అత్తమ్మా. కోట లేనివి, దండు లేనివి, గింజలు లేనివి. అవి విడిపోయినా ఒక్క ఏడు బతకవు. ఊకె విడిపోవుడు, మళ్ళ కలుసుడు, ఆట ముందటికి నడుస్తలేదు. అందుకని అలక పెరుగుతది గాని..."

"గాని?"

"ఏం కాదు."

"ఏం కాదు," అంది సీతమ్మ. ఆ మాటలో కోపం లేదు. "సరిగ్గానే రాశావు బాబూ. పొలం ఆయన జబ్బుకి పోయె, ఇల్లు ఆయనతో పోయె. నేనెక్కడికీ పోలేనని అందరికీ తెలుసు. తెలిసీ ఎవరూ అనరు. నువ్వు రాశావు, అంతే."

"అత్తమ్మా, నేను మిమ్మల్ని అనుకోని రాయలే..."

"ఇంకొక్కటి చెప్పు. ఆ ఊరి అలక తగ్గాలంటే రాజు ఏం చేయాలి?"

"పన్ను తగ్గియ్యొచ్చు. వాళ్ళల్ల ఒకనికి పదవి ఇయ్యొచ్చు. జాతర చేపియ్యొచ్చు."

"వచ్చి, ఏమ్మా ఏమైంది అని అడగొచ్చా?"

ఆత్మారాం తెర మీది పటం వైపు చూశాడు. మూడేళ్ళలో ఎన్ని వందల నియమాలు రాశాడో అతనికే గుర్తులేదు.

"గా నియమం పెట్టలే," అన్నాడు.

సీతమ్మ లోపలికి వెళ్ళింది. వచ్చేటప్పుడు ఒక చేతిలో గుడ్డసంచి, ఇంకో చేతిలో తువ్వాలు చుట్టిన జగ్గారావు ఫొటో ఉన్నాయి. ఒంట్లో ఓపిక లేక గోడ పట్టుకుని నడుస్తోంది.

"చందూర్ వెళ్తానమ్మా రత్నం. వెంకట్రావు వసారా గది ఇస్తాడు."

"నాన్నకు అన్నకొడుకు కాబట్టి వెంకట్రావన్నయ్య తిథి పెడతానన్నాడు. గది ఇస్తానని ఎప్పుడన్నాడు?"

"వెళ్ళాక అడుగుతాను."

"పోయిన నెల ఫోన్‌లో వదిన ఏమందో మర్చిపోయావా? రెండ్రోజులు ఉంచుకోమంటేనే ఇల్లు ఇరుకన్నది."

"ఇరుకైతే అరుగు మీద ఉంటాను. నా అంకె ఎవరూ వేయని చోట ఉంటాను."

శంకరమ్మ అడ్డం పోయి సంచి పట్టుకుంది. సీతమ్మ వదల్లేదు. రెండు చేతుల మధ్య సంచి అలా ఉండిపోయింది.

రత్నం కుర్చీలోంచి లేచింది. భర్త ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఒకటి అడుగుతా. ఆట గురించే. అబద్ధం చెప్పకు."

"అడుగు."

"చిన్న ఊరికి ఒక్కదానికే విడిపోయే శక్తి లేదు. దానితో పాటు, రాజధానిని ఆనుకుని ఉన్న పెద్ద ఊరు కూడా కలిసి లేస్తే?"

ఆ నియమం అతనికి బాగా తెలుసు. వేసవిలో కష్టపడి కుదుర్చుకున్నది అదే. పెద్ద ఊరు తోడుగా లేస్తే చిన్నది కూడా విడిపోతుంది. ఆ రెండూ పోయాక రాజధాని ఒక్కటే మిగులుతుంది. అలా జరిగిన ఆటల్లో తిరిగి నిలదొక్కుకున్న రాజు ఇంతవరకూ లేడు.

కాదని ఒక్కమాట అంటే సరిపోయేది. అబద్ధమైతేనేం, ఆమె ఆగడానికి ఒక సాకు దొరికేది. కానీ ఇంట్లో ఎన్ని తప్పులు చేసినా, ఆట విషయంలో ఆత్మారాం ఎన్నడూ అబద్ధమాడలేదు.

"విడిపోవచ్చు," అన్నాడు.

"అయ్యో, గట్లెందుకంటివిరా!" శంకరమ్మ నెత్తి కొట్టుకుంది.

రత్నం లోపలికి వెళ్ళింది. బీరువా తలుపు తెరుచుకున్న చప్పుడు వచ్చింది. చీరలు తీస్తున్న చప్పుడు వచ్చింది. ఆత్మారాం రెండడుగులు వేసి గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

"రత్నం, నువ్వు రావద్దు," అని కేకేసింది సీతమ్మ. "నీ సంసారం ఇది. నా గొడవలోకి నువ్వు రావద్దు. విన్నావా?"

లోపల పెట్టెకు తాళం వేసిన చప్పుడు వచ్చింది.

రత్నం పెట్టె పట్టుకుని బయటికి వచ్చింది. ఏడవడం లేదు. తల కూడా దువ్వుకుంది.

"పద అమ్మా. వర్ని బస్సు దొరుకుతుంది, చందూర్‌కు అదే దారి."

సీతమ్మ కూతురి ముఖం చూసింది. పెట్టె చూసింది. గుమ్మం దగ్గర తల వంచుకున్న అల్లుణ్ణి చూసింది. ఆమె కోరుకున్నది చడీచప్పుడూ లేకుండా వెళ్ళిపోవడం. తన వెనక ఒక కాపురం లేచి వస్తుందని ఆమె అనుకోలేదు. సంచి వదిలేసింది. ఫొటోను జాగ్రత్తగా గోడకు ఆనించి, అక్కడే నేల మీద చతికిలబడింది.

"వదినగారూ," అంది. "కాస్త అన్నం పెట్టండి. ఆకలేస్తోంది."

శంకరమ్మ సంచి పారేసి వంటింట్లోకి పరిగెత్తింది. గిన్నెల చప్పుడు, గరిటె చప్పుడు. వేడన్నం, పప్పు, పక్కన గోంగూర పచ్చడి పెట్టుకుని వచ్చింది. పళ్ళెం ముందు పెట్టి తానూ నేల మీదే కూర్చుంది. సీతమ్మ కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. అది దిగలేదు. నీళ్ళు తాగి దించుకుంది. రెండో ముద్ద కలిపింది. తింటున్నంతసేపూ ఆమె కళ్ళు కూతురి మీదే ఉన్నాయి. చూడు, తింటున్నాను, అలక పోయింది అన్నట్టు నవ్వబోయింది.

"నాకోసం తినకమ్మా," అంది రత్నం.

సీతమ్మ వినిపించుకోలేదు. మూడో ముద్ద పెట్టుకుంది. ఆత్మారాం వచ్చి ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నీళ్ళ గ్లాసు ఆమె దగ్గరికి జరిపాడు.

వీధిలో బస్టాండుకు పోయే ఆటో ఒకటి వచ్చి ఆగింది. రత్నం పెట్టె ఇంకా కింద పెట్టలేదు.